ఇంట్లో అనని మాట

పెద్ద వరద వచ్చి వెళ్ళిన మూడో ఏడు అది. మా వీధిలో ఇప్పటికీ ఎవరి పెళ్ళయినా, ఎవరి చావయినా వరదకు ముందా తర్వాతా అనే చెప్పుకుంటారు. ఏరు మా కోత మిల్లు గోడ పడగొట్టుకుని లోపలికొచ్చి, దుంగల్ని పుల్లల్లా తేల్చుకుపోయి, మోటారు గదిలో మోకాలి లోతు బురద వదిలి వెళ్ళిన వరద. ఆ బురద ఎత్తిపోశాక, మోటారు ఆరిందో లేదో చూద్దామని మా బావమరిది స్విచ్చి మీద చెయ్యి వేశాడు. కరెంటు వాణ్ణి పట్టుకుంది. నేను కర్రతో కొట్టి విడిపించేసరికి అయిపోయింది. మా డాక్టరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. బురదలో కూర్చుని వాడి చెయ్యి పట్టుకు చూసింది. తర్వాత నా వంక చూసి తల అడ్డంగా ఊపింది.

వాడు మా ఆవిడకు తమ్ముడు. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. మాకు పిల్లల్లేరు. ఉన్న ఒక్క పిల్లాడూ వాడే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కరెంటు అనే మాట లేదు. దీపాలు ఆరిపోతే "అది పోయింది" అంటుంది మా ఆవిడ. వెలిగితే "వచ్చింది" అంటుంది. బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఆ మాట అంటే, మొహం మీదే తలుపు వేసేసింది. నాకు పెద్ద ఇబ్బందేమీ అనిపించలేదు. నేను వాడే మాటలే తక్కువ. అందులో ఒకటి తగ్గితే ఏమైంది?

మిల్లులో నన్ను 'ఊఁ మేస్త్రి' అనేవాళ్ళు. రంపం ముందు నేను నిలబడతాను, దుంగకు అవతలి కొసన తోసేవాడు ఉంటాడు. నేను "ఊఁ" అంటే తొయ్యాలి, "ఊహూఁ" అంటే ఆపాలి. రోజంతా అంతకు మించి మాట అవసరం పడదు. ఇంటికొస్తే మా ఆవిడ చెబుతుంది, నేను ఊఁ కొడతాను. కుళాయి దగ్గర ఎవరు ఎవర్ని ఏమన్నారో, పక్కింటి పిల్ల ఎందుకు ఏడ్చిందో, అన్నీ. ఊఁ ఆగిపోతే "నిద్రపోయావా?" అంటుంది. అప్పుడు ఇంకో ఊఁ అంటాను. మా కాపురం అలా నడిచిపోతూ ఉండేది.

ఆ మూడో ఏడు ఎండాకాలం మొదట్లో నా ఊఁ అరిగిపోవడం మొదలైంది. ముందు గరగరలాడింది. పొట్టు పట్టిందనుకున్నాను. కోత మిల్లులో పనిచేసేవాడి గొంతులో రంపపు పొట్టు కాక ఇంకేముంటుంది? డాక్టరమ్మ దగ్గు మందిచ్చింది, తాగాను. ఇంకో రకం ఇచ్చింది, అదీ తాగాను. "తగ్గిందా?" అంటే "ఊఁ" అన్నాను.

ఒకరోజు పెద్ద దుంగ ఎక్కించాం. సగం కోతలో చెక్క లోపల మేకు మెరిసింది. "ఊహూఁ" అన్నాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అవతలి కొసన అతను తోస్తూనే ఉన్నాడు. రంపం పట్టా తెగి, నా చెవి పక్కనుంచి వెళ్ళి గోడకు కొట్టుకుంది.

మోటారు ఆపాక అతను పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"ఏంటి మేస్త్రీ! చెప్పొచ్చు కదా!"

"చెప్పాను."

"ఆఁ? ఏమంటున్నావ్?"

"చెప్పాను" అన్నాను మళ్ళీ. అతను నా పెదాల వంక చూస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ దాచిపెట్టిన మాటలు కదా, తుప్పు పట్టి ఉంటాయి" అన్నాడు లారీ డ్రైవరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకూ చప్పుడు లేదు.

మా ఆవిడ ఆ సాయంత్రమే నన్ను చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. సైకిల్ షాపు పైన గది అది. మెట్ల మీద జనం కూర్చుని ఉంటారు. మా వీధిలో జ్వరం వచ్చినా, కాన్పయినా, మనిషి పోయినా ఆ మెట్లే.

"మళ్ళీ ఏం వచ్చింది మేస్త్రీ?"

"ఊఁ" అన్నాను.

"ఊఁ అనే రోగం లేదు. నోరు తెరిచి మాట్లాడు. నీ పేరు చెప్పు."

చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం కింద పెట్టింది.

"ఇంకోసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"నేను మొత్తుకుంటూనే ఉన్నానమ్మా, గొంతు బొంగురుపోయిందయ్యా అని" అంది మా ఆవిడ. "వింటేగా!"

"నాకెవరు చెప్పారే? ఈ మహానుభావుడు వచ్చిన ప్రతిసారీ ఊఁ అని లేచిపోతాడు. ఆ ఊఁలో గొంతు మారిందో లేదో నాకెలా తెలిసి చస్తుంది? తెరువు నోరు. ఇంకా. అంత పెద్ద దుంగలు కోస్తావు, నోరు తెరవడానికి ఏం మాయరోగం?"

టార్చి వేసి చూసింది. తర్వాత రెండు చేతులూ నా మెడ మీద పెట్టి, గడ్డంలోంచి వేళ్ళు పోనిచ్చి, మెల్లగా వెతికింది. ఎడమ దవడ కింద వేళ్ళు ఆగిపోయాయి. అక్కడే కాసేపు ఉన్నాయి.

అంతటితో తిట్లు ఆగిపోయాయి. ఫోన్ తీసి పెద్దాసుపత్రిలో ఎవరితోనో మాట్లాడి, రేపే వెళ్ళమంది. ఎప్పుడూ కుర్చీలోంచి లేవని మనిషి మెట్ల దాకా వచ్చింది. "జాగ్రత్తగా దిగు" అంది. అప్పుడు భయమేసింది నాకు. తిట్టకుండా ఆవిడ నన్ను ఎన్నడూ బయటికి పంపలేదు.

పెద్దాసుపత్రిలో ముక్కులోంచి సన్నటి గొట్టం దింపారు, ఒకసారి మత్తిచ్చి గొంతులో ముక్క తీశారు. ఫలితం కోసం తిరిగిన రోజుల్లో మేం కూర్చునే బల్ల ఎదురుగా ఒకాయన కూర్చునేవాడు. మెడకు ముందు వైపు గుడ్డ కట్టుకునేవాడు. దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోడు. మెడ దగ్గర పెట్టుకుంటాడు. గుడ్డ ఉబ్బి లోపలికి పోతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. పక్కన ఆయన భార్య. ఆయన వేళ్ళు తిప్పితే ఆమె నీళ్ళందిస్తుంది. ఆయన తల ఊపి మళ్ళీ తిప్పుతాడు. ఆమె కళ్ళజోడు ఇస్తుంది. అదీ కాదు. చివరకు ఆయన విసిగి మొహం అటు తిప్పుకుంటాడు.

"ఆ గుడ్డ ఎందుకు కట్టుకున్నాడో పాపం" అంది మా ఆవిడ నా చెవిలో.

నేను ఊఁ అనలేదు.

ఫలితం చెప్పే రోజు మా ఆవిడను మందుల కిటికీ దగ్గర వరసలో నిలబెట్టి నన్ను లోపలికి పిలిచారు. కుర్ర డాక్టరు. మంచివాడే. బల్ల అవతల కూర్చోకుండా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"పెద్దాయనా, గొంతులో మాట పుట్టే చోట క్యాన్సరు ఉంది. దవడ కింద గడ్డ కూడా అదే."

"ఊఁ."

"భయపడకండి. ఇంకా దూరం పోలేదు. రెండు దారులున్నాయి. ఒకటి ఆపరేషన్. మాట పుట్టే చోటు మొత్తం తీసేసి, మెడ ముందు చిల్లు చేసి ఊపిరికి దారి పెడతాం. మాట మాత్రం పోతుంది. రెండోది, కరెంటు పెట్టడం."

నాకు అర్థం కావాలని మా మాటలోనే చెప్పాడు పాపం. ఆ తర్వాత చాలాసేపు చెప్పాడు. అతని పెదాలు కదలడం చూస్తున్నాను. నాకు మాత్రం బురద వాసన వస్తోంది. వాడి చెయ్యి స్విచ్చికి అతుక్కుపోయి ఉంది. వాడు అరవడం లేదు. అరవాలని నోరు తెరుచుకుని ఉంది, అంతే. ఆ నోటి మీదే నా చూపు. నా మెడకు వైర్లు చుట్టి, నన్ను బల్లకు కట్టి, ఎవరో స్విచ్చి మీద చెయ్యి వేస్తున్నారు.

"అర్థమైందా?"

"ఊఁ."

"ఆపరేషనే చేయించుకుంటారా మరి?"

"ఊఁ."

"మాట పోయినా ఫర్వాలేదా?"

"ఊఁ."

తేదీ వేశారు. బయటికి వస్తుంటే నర్సు భుజం తట్టింది. "దిగులు పడకు తాతా. ఒక పలక కొనుక్కో. ఏం కావాలన్నా రాసి చూపించొచ్చు. చాలామంది అలాగే ఉంటున్నారు."

మా ఆవిడ వరసలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నాడు?"

"ఆపరేషన్."

"ఇంకే దారీ లేదా?"

ఆ రెండో దారి పేరు నాకు తెలుసు. ఆ పేరు ఆవిడ ముందు అనలేను. అనడానికి నాకూ నోరు రాలేదు.

"లేదు" అన్నాను.

ఆవిడ కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "తీసేస్తే పోతుంది కదా? పోతుంది. నీ గొంతు ఎవడిక్కావాలి, నువ్వుంటే చాలు. ఇన్నేళ్ళలో నువ్వు మాట్లాడి ఒరగబెట్టింది ఏముంది గనక" అంది. నవ్వించాలని అంది. నేను నవ్వాను. బస్సులో దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు.

మర్నాడే పలక తెచ్చింది.

"రాయి చూద్దాం."

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. ఆ తర్వాత రాసింది సంతకమే. పలక ఒళ్ళో పెట్టుకుని, నాలుక బయటపెట్టి, చాలాసేపు కష్టపడి రాశాను. పలక తిప్పి చూపించాను.

ఆవిడ అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది.

"ఏంటిది, పామా?"

"నీళ్ళు."

"నీళ్ళు ఇలా ఉంటాయా! ఇదిగో ఈ వంకరేంటి?"

"నీ."

"నాకేం తెలుసయ్యా, నన్నెవరు బడికి పంపారు?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ పలక చేతిలోంచి తీసుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. వేలికి సుద్ద అంటింది. అక్షరం సగం చెరిగిపోయింది. నవ్వు ఆగిపోయింది.

"పోనీ, చప్పట్లు కొడుదువుగాని" అంది. "ఒకటి కొడితే నీళ్ళు. రెండు కొడితే అన్నం."

"మూడు కొడితే?"

"మూడు కొడితే... మూడు ఎందుకు, రెండు చాల్లే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో నేను ఒక పని చేసేవాణ్ణి. ఆవిడ మాట్లాడుతుంటే ఊఁ కొట్టకుండా ఉండి చూసేవాణ్ణి. ముందుగా అలవాటు చేసుకుందామని. ఆవిడ చెబుతూ చెబుతూ ఆగేది. నా వంక చూసేది. మళ్ళీ మొదలుపెట్టేది, కాస్త మెల్లగా. కొన్ని రోజులకు చెప్పడం తగ్గించేసింది. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించని పూటలు వచ్చాయి. ఒకసారి ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంటే వెనక నుంచి వెళ్ళాను. తిరిగి చూసి ఉలిక్కిపడి గరిటె వదిలేసింది. "మనిషివా దెయ్యానివా" అంది. అలవాటుగా అన్న మాటే. అని, తనే భయపడింది.

నాకు లోపల రెండు భయాలు. మెడలో చిల్లు ఒకటి. స్విచ్చి ఇంకోటి. ఒకదాన్నుంచి పారిపోతే రెండోది ఎదురొచ్చేది. మింగుడు పడేది కాదు. అది జబ్బు వల్లో, భయం వల్లో తెలిసేది కాదు.

ఆపరేషన్‌కు ముందు బీపీ, గుండె చూపించుకుని రమ్మన్నారు. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. చేతికి పట్టీ చుట్టి, గాలి కొడుతూ అడిగింది.

"రెండు దారులూ చెప్పాడా ఆ డాక్టరు?"

"ఊఁ."

గాలి కొట్టడం ఆపింది. "ఇది ఏ ఊఁ?"

నేను గోడ వంక చూశాను.

"నీ ఊఁలు నాకు తెలీవనుకోకు. తెంపేస్తే విన్నానని. సాగదీస్తే సరేనని. ముక్కులోంచి వస్తే ఇష్టం లేదని. ఇప్పుడు అన్నీ గాలే అయిపోయాయి, ఏదో పోల్చుకోలేకపోతున్నాను. మాటతో చెప్పు. ఆపరేషన్ కాకుండా రెండోది ఏమన్నాడు?"

నేను చేతికి చుట్టిన పట్టీ సర్దుకున్నాను.

"దాని పేరు చెప్పాడా, లేదా?"

నేను నా అరచేతుల వంక చూసుకున్నాను. ఆ రోజు వాణ్ణి విడిపించడానికి కర్ర పట్టుకున్న చేతులు. ఆవిడా అటే చూసింది. మెల్లగా అడిగింది.

"కరెంటు అన్నాడా?"

తల ఊపాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ బురదలో నేనూ ఉన్నాను మేస్త్రీ" అంది. "ముందే తట్టి ఉండాల్సింది నాకు."

తర్వాత పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. నేను ఎదురుగానే కూర్చున్నాను.

"అవునండీ, ఊఁ అన్నాడు. నాకు తెలుసు. కానీ ఆ ఊఁ అంటే సరే అని కాదు. విన్నానని... కాదు కాదు, అసలు వినలేదు కూడా. మీ తప్పేం లేదు, మీకెలా తెలుస్తుంది... నా ప్రశ్న ఒకటే. ఈయన జబ్బుకు రెండూ పనికొస్తాయా? నిజంగా?... బతకడానికి తేడా?... సరే."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"విను. ఊఁ కొట్టకు. అది వైర్లలో పారేది కాదు. రేడియేషన్ అంటారు, కరెంటన్నది జనం పెట్టిన పేరు, అంతే. ఆ మధ్య నీ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించాను, గుర్తుందా? ఏమైనా తగిలిందా?"

"లేదు."

"ఆ జాతిది. దానికన్నా ఎన్నో రెట్లు బలమైంది. కనపడదు, వినపడదు, ఒళ్ళు ఝల్లుమనదు. రోజూ వెళ్ళి బల్ల మీద పడుకోవాలి, వారాల తరబడి. మధ్య మధ్య సెలైన్‌లో మందు ఎక్కిస్తారు. ఇక సుఖమేననుకోకు. పోను పోను గొంతు లోపల పచ్చిపుండవుతుంది. గుటక పడదు. నీళ్ళు తాగడానికి ఏడుస్తావు. అన్నీ అయ్యాక మాట మిగలొచ్చు."

"మిగలకపోతే?"

"జబ్బు లొంగకపోతే అప్పుడు ఆపరేషనే. అప్పటికి ఆ చోటంతా కమిలి ఉంటుంది, పుండు తొందరగా మానదు. ఇప్పుడు చేస్తే సులువు, అప్పుడు చేస్తే కష్టం. బతుకు మాత్రం రెండు దారుల్లోనూ దగ్గర దగ్గరే అంటున్నాడు."

కింద సైకిల్ షాపులో ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఉండి అడిగాను.

"మీరైతే?"

"నేనైతే అని అడక్కు. నాకు చదువుంది, నా ఇంట్లోవాళ్ళకు చదువుంది. గొంతు పోతే రాసి చూపించుకుంటాను. నీకు ఆ వీలు లేదని ఆ కుర్రాడికి తెలీదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఇంకోటి చెబుతాను. నీకు దగ్గు మందులిచ్చి కూర్చున్నాను నేను. అందుకని నాకేమో ఆ గొంతు రేపే కోసి అవతల పారేయించాలని ఉంది. ఆ తొందర నాది. నీ జబ్బుది కాదు. కాబట్టి ఈ ఒక్కసారికి నా మాట మీద వెళ్ళొద్దు. రేపు పొద్దున వెళితే రెండోదానికి కొలతలు తీస్తారట. వెళ్ళకపోతే ఆపరేషన్ తేదీ ఉండనే ఉంది. ఇంటికెళ్ళి మీ ఆవిడకు చెప్పు. నోటితో చెప్పు."

డాక్టరమ్మ ఏది చెబితే అది చేసేద్దామని వెళ్ళాను నేను. ఇన్నేళ్ళూ అంతే చేశాను. గోడ పట్టుకుని మెట్లు దిగాను.

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఇంకా వెలుతురుంది. పక్కన కూర్చున్నాను.

"గుండె బాగుందటా?"

"ఊఁ."

"ఇంకేమంది?"

"ఇంకో దారి ఉంది."

"లేదన్నావుగా."

"ఉంది."

"ఏం దారి?"

"కరెంటు" అన్నాను.

నా గొంతులో అది మాటలా రాలేదు. చెక్క చీలినట్టు వచ్చింది. ఆవిడ వేళ్ళు చేటలో ఆగిపోయాయి. నా వంక చూడలేదు.

"మళ్ళీ అను."

"కరెంటు పెడతారట. గొంతుకి. అది వాడికి తగిలింది కాదట. పేరు ఒకటే, అంతే. ఏది చేయించుకోవాలో మాత్రం డాక్టరమ్మ చెప్పనంది."

చేట పక్కన పెట్టింది. లేచింది. లోపలికి వెళుతుందనుకున్నాను. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగకుండా, పైట సర్దుకుంటూ, గబగబా. నేను వెనకాలే వెళ్ళాను. అందుకోలేకపోయాను.

నేను మెట్లెక్కేసరికి మా ఆవిడ డాక్టరమ్మ బల్ల ముందు నిలబడి ఉంది. లోపల ఉన్న రోగులు గోడకు అతుక్కుపోయి చూస్తున్నారు.

"ఏమీ చెప్పనన్నారట! ఎందుకు చెప్పరు? జ్వరానికి చెప్పారు, పిల్లలు పుట్టరన్నప్పుడు చెప్పారు, వాడు పోయాడని మీరే కదా చెప్పింది! ఆ రోజు వాడి చెయ్యి పట్టుకున్నది మీరే కదా! ఇప్పుడు ఈయనకు అదే పెడతామంటే మీ నోరు పడిపోయిందా?"

"కూర్చో తల్లీ."

"కూర్చోను. ఏమీ కాదని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఏమీ కాదని చెప్పను."

మా ఆవిడ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"అది పెట్టినందుకు వాడిలా పోడు. అది మాత్రం నా మీద ఒట్టు. జబ్బు వల్ల పోతాడా, పోడా అంటావా, నాకు తెలీదు. ఆపరేషన్ చేయించినా తెలీదు. రెండింటిలో ఏది చేయించినా భయం పోదు. ఏ భయంతో కాపురం చేయగలరో మీరిద్దరే చూసుకోవాలి."

"మీరేం చేస్తారు మరి? ఊరికే కూర్చుంటారా?"

"కూర్చుంటాను. లోపలికి ఎవర్నీ రానివ్వరు. మొదటి రోజు బయట బల్ల మీద నీ పక్కన కూర్చుంటాను. ఆ పూట ఇక్కడ తాళం."

గోడ పక్కన నిలబడ్డవాళ్ళలో ఎవరో దగ్గారు. మా ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాను. ఆవిడ చూపు నా మొహం మీద ఆగలేదు. కిందికి, గొంతు మీదికి వచ్చి ఆగింది.

"ఆ పలక మీద పాములు చదవడం నా వల్ల కాదమ్మా" అంది డాక్టరమ్మతో, నన్నే చూస్తూ. "రేపు ఎన్ని గంటలకు వెళ్ళాలి?"

డాక్టరమ్మ చెప్పింది. మొహానికి, మెడకు అచ్చు పోసినట్టు వల ముసుగు ఒకటి చేస్తారని, దాన్ని బల్లకు బిగిస్తారని, కదలకుండా పడుకోవాలని చెప్పింది. "ఆ గడ్డం తీసేసి వెళ్ళు. ముసుగు ఒంటికి సరిగ్గా అతుక్కోవాలి" అంది. బల్లకు బిగిస్తారన్న మాట దగ్గర మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది.

ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఆవిడ నా చొక్కా అంచు వదల్లేదు. నేను ఒకటి రెండుసార్లు ఊఁ అన్నాను, ఏదైనా చెబుతుందేమోనని.

మర్నాడు పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను. కత్తెరతో గడ్డం పొట్టిగా కత్తిరించాను. సబ్బు రుద్దాను. కొత్త బ్లేడు వేశాను. పెళ్ళినాటికే నాకు గడ్డం ఉంది. దాని కింద మొహం ఎలా ఉంటుందో మా ఆవిడ ఎప్పుడూ చూడలేదు, నేనూ మరిచిపోయాను. ఆవిడ లోపల్నుంచి అద్దం తెచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టుకుంది.

ఒక చెంప అయింది. ఎండ తగలని చర్మం, వేరే ఎవరిదో అన్నట్టు తెల్లగా బయటపడింది. దవడ కిందికి వచ్చేసరికి అద్దంలో బ్లేడు అటూ ఇటూ కదులుతోంది.

"అద్దం కదపకు" అన్నాను.

"నేను కదపట్లేదు. నీ చెయ్యే."

చూసుకున్నాను. నా చెయ్యే.

ఆవిడ అద్దం నేల మీద పెట్టింది. ముందుకు వంగి, సబ్బు నురగ మీద వేలు పెట్టింది.

"ఇక్కడేనా?"

"ఊఁ."

"నొప్పా?"

"కాదు."

"మరి?"

"భయం" అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి బ్లేడు పిడి తీసుకుంది. చెంబులో ముంచి విదిల్చింది. ఆవిడ ఎప్పుడూ ఎవరికీ గడ్డం గీయలేదు. బ్లేడు ఎటు పెట్టాలో అటూ ఇటూ తిప్పి చూసింది. నేను రెండు చేతులతో పీట అంచులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చాను.